50 కిలోమీటర్ల ఎత్తులోని షాక్ తరంగాన్ని ల్యాబ్‌లో పుట్టించడం: అల్పపీడన షాక్ ట్యూబ్‌కు సమగ్ర మార్గదర్శి

"షాక్ ట్యూబ్ ఉంది, పంపు ఉంది, లెక్కలూ వేశాం. అయినా ఏ రెండు షాట్లూ ఒకేలా రావడం లేదు." ఎత్తైన వాతావరణ పరిస్థితుల్లో పని మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. షాక్ ట్యూబ్ అంటే పల్చని పొరతో (డయాఫ్రమ్) రెండు భాగాలు చేసిన పొడవాటి గొట్టం: ఒక పక్క ఎక్కువ పీడనంలో డ్రైవర్ వాయువు, మరో పక్క తక్కువ పీడనంలో పరీక్ష వాయువు. పొర పగలగానే తక్కువ పీడనం వైపు షాక్ తరంగం పరుగెత్తుతుంది; అలా ఒకసారి పగలగొట్టడమే ఒక షాట్. మామూలు పీడనంలో ట్యూబ్ నడిపిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. అక్కడ సూది మొనంత లీకు, గోడలకు అంటుకున్న తేమ, సెన్సర్ ముఖం వెడల్పు ఎవరూ పట్టించుకోరు. 80 పాస్కల్‌లో మాత్రం ఫలితాన్ని నిర్ణయించేవి అవే. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం షాట్ కొట్టక ముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఎత్తు 50 కిలోమీటర్లు, షాక్ మాక్ సంఖ్య (ధ్వని వేగానికి ఎన్ని రెట్లన్నది) 5, పరీక్ష వాయువు పొడి గాలి, డ్రైవర్ హీలియం, ల్యాబ్ ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. ట్యూబ్ లోపలి వ్యాసం 80 మి.మీ., డ్రైవర్ 1 మీటరు, అల్పపీడన భాగం 6 మీటర్లు, కొలత తీసుకునే చోటు డయాఫ్రమ్ నుంచి 5 మీటర్ల దూరంలో.

## 1. దేన్ని సరిపోల్చాలో ముందే తేల్చుకోండి

ఎత్తులో ఉన్న పరిస్థితినంతా ఉన్నదున్నట్టు ల్యాబ్‌లోకి దించడం కుదరదు. ఏది వదులుకుంటారో మీరే ఎంచుకోవాలి, ఆ నిర్ణయాన్ని లాగ్ పుస్తకం మొదటి పేజీలో రాయాలి. ఇది రాయకుండా మొదలైన ప్రయోగాలు చివర్లో "మనం కొలిచింది ఏమిటి?" అనే ప్రశ్న దగ్గర ఆగిపోవడం చూశాను.

- వాయుగతికం మాత్రమే కావాలంటే మాక్ సంఖ్యను సరిపోల్చండి. పీడనం, సాంద్రత ఎన్ని రెట్లు పెరిగాయన్నదే మీకు ముఖ్యం.
- అణువుల విచ్ఛిత్తి, రసాయన చర్యలు కావాలంటే అసలు వేగాన్ని, దానితోపాటు సాంద్రత × పొడవు లబ్ధాన్ని సరిపోల్చండి. రెండు అణువులు ఢీకొంటే జరిగే చర్యలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మూడు అణువులు కలిస్తేనే జరిగే పునఃసంయోగానికి పనిచేయదు.
- పలుచబడిన వాయువు ప్రభావం కావాలంటే నడ్సెన్ సంఖ్యను, అంటే సగటు స్వేచ్ఛా పథానికీ (ఒక అణువు రెండు ఢీల మధ్య ప్రయాణించే సగటు దూరం) వస్తువు పరిమాణానికీ ఉన్న నిష్పత్తిని సరిపోల్చండి.

మూడోదానికి ఒక లెక్క చూడండి. 70 కి.మీ. ఎత్తులో సగటు స్వేచ్ఛా పథం దాదాపు 1 మి.మీ. ముక్కు వ్యాసం 1 మీటరున్న వస్తువుకు నడ్సెన్ సంఖ్య 0.001 అవుతుంది. ల్యాబ్‌లో మీ నమూనా 50 మి.మీ. అయితే స్వేచ్ఛా పథం 0.05 మి.మీ. చాలు. అంటే సాంద్రత 70 కి.మీ. దగ్గరి దానికి 20 రెట్లు ఉండాలి. 27 డిగ్రీల దగ్గర అది సుమారు 143 పాస్కల్. చేయలేమనుకున్న పని చేయదగ్గ పీడనంలోకి వచ్చేసింది.

ఒక పొరపాటు ఇక్కడే జరుగుతుంది. షాక్ ట్యూబ్‌లో నమూనా పెడితే వేగంగా ఎగిరే వాహనం ముందు ఏర్పడే, విల్లులా వంగిన షాక్ వచ్చేస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. మాక్ 5 షాక్ దాటాక దాని వెనక ప్రవాహం మాక్ సంఖ్య 1.66 మాత్రమే, ఎందుకంటే ఆ వాయువు బాగా వేడెక్కి ఉంటుంది. ట్యూబ్ మీకు ఇచ్చేది ప్రవాహానికి అడ్డంగా నిలిచే నిటారు షాక్‌ను, దాని వెనక ఉన్న వాయువు స్థితిని. వాహనం చుట్టూ ప్రవాహం కావాలంటే షాక్ టన్నెల్ గానీ ఎక్స్‌పాన్షన్ ట్యూబ్ గానీ, అంటే వేరే పరికరమే కావాలి.

## 2. ఎత్తును నింపే పీడనంగా మార్చండి

ఎత్తు అనగానే వాతావరణ పట్టికలో పీడనం చూసి అంతే నింపేయడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. పైన గాలి చల్లగా ఉంటుంది, మీ ట్యూబ్ గది ఉష్ణోగ్రతలో ఉంటుంది. అణువులు ఢీకొనే తీరును నిర్ణయించేది సాంద్రత. కాబట్టి ముందు సాంద్రత తీసుకుని, దాన్నుంచి పీడనం లెక్కగట్టాలి:

నింపే పీడనం = సాంద్రత × 287 × ల్యాబ్ ఉష్ణోగ్రత (సాంద్రత ఘనపు మీటరుకు కిలోల్లో, ఉష్ణోగ్రత కెల్విన్‌లలో; 287 అన్నది గాలికి వాయు స్థిరాంకం)

అమెరికా 1976 ప్రామాణిక వాతావరణ విలువలతో, 27 డిగ్రీల ల్యాబ్‌కు:

- 30 కి.మీ.: వాతావరణంలో 1197 పాస్కల్, నింపాల్సింది 1585
- 40 కి.మీ.: వాతావరణంలో 287, నింపాల్సింది 344
- 50 కి.మీ.: వాతావరణంలో 79.8, నింపాల్సింది 88.4
- 60 కి.మీ.: వాతావరణంలో 22, నింపాల్సింది 26.7
- 70 కి.మీ.: వాతావరణంలో 5.2, నింపాల్సింది 7.1

30 కి.మీ. దగ్గర తేడా 30 శాతం దాటింది చూశారా? 50 దగ్గర అది తక్కువగా ఉండటానికి కారణం అక్కడ గాలి సుమారు 271 కెల్విన్ ఉండటమే. ల్యాబ్ ఉష్ణోగ్రత మారితే ఈ విలువలూ మారతాయి. కాబట్టి ట్యూబ్ గోడకే థర్మోకపుల్ అంటించి, ఆ రోజు రీడింగ్‌తో లెక్క వేసుకోండి.

## 3. ట్యూబ్ వ్యాసం సరిపోతుందో చూడండి

మన ఉదాహరణలో షాక్ వేగం సెకనుకు 1735 మీటర్లు. దాని వెనకే డ్రైవర్ వాయువు మొదలయ్యే హద్దు, అంటే కాంటాక్ట్ సర్ఫేస్, 1388 మీటర్ల వేగంతో వస్తుంది. 5 మీటర్ల దగ్గరికి షాక్ 2.88 మిల్లీసెకన్లకు చేరితే, హద్దు 3.60కి చేరుతుంది. మధ్యలో దొరికే 0.72 మిల్లీసెకన్లే మీ పరీక్ష సమయం. కాగితం మీద.

నిజంగా అంత దొరకదు. అల్పపీడనంలో గోడల వెంట సరిహద్దు పొర, అంటే గోడ ఆపడం వల్ల వేగం మారిన వాయువు పొర, వేగంగా మందమవుతుంది. షాక్ వెనక వాయువు ఆ పొరలోకి జారిపోతుంది. దాంతో షాక్ నెమ్మదిస్తుంది, కాంటాక్ట్ సర్ఫేస్ ముందుకు దూసుకొస్తుంది. కొంత దూరం తర్వాత రెండిటి మధ్య ఎడం ఇక పెరగదు. దీన్ని హెరాల్డ్ మిరెల్స్ విశ్లేషించారు. పొర లామినార్‌గా, అంటే సుడులు లేకుండా ఉన్నప్పుడు ఆ గరిష్ఠ ఎడం పీడనం × వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుంది.

ఈ ఒక్క సంబంధం రెండు విషయాలు చెబుతుంది. ట్యూబ్‌ను ఇంకా పొడవు చేస్తే పరీక్ష సమయం పెరుగుతుందన్నది ఒక దశ తర్వాత నిజం కాదు. పెంచాల్సింది వ్యాసం. 50 కి.మీ. నుంచి 70 కి.మీ.కి వెళ్తే పీడనం 12 రెట్లకు పైగా పడిపోతుంది. అదే ఎడం నిలవాలంటే వ్యాసం మూడున్నర రెట్లు, అంటే 80 మి.మీ. ట్యూబ్ బదులు 280 మి.మీ. ట్యూబ్ కావాలి. చేతిలో ఉన్నది సన్న ట్యూబే అయితే ఎత్తు తగ్గించుకోవడం నిజాయితీ గల పని.

## 4. లీకు పరీక్ష

గాలిలో మలినం 1 శాతం మించకూడదని పెట్టుకుందాం. 88 పాస్కల్‌లో అది 0.88 పాస్కల్. వాల్వ్ మూసినప్పటి నుంచి షాట్ దాకా 5 నిమిషాలు పడుతుందనుకుంటే, పీడనం పెరిగే రేటు సెకనుకు 0.003 పాస్కల్ దాటకూడదు. 70 కి.మీ. పరిస్థితికి ఇది 0.00024కి దిగుతుంది.

చేసే పద్ధతి:

1. రాత్రంతా పంపు నడవనివ్వండి. నింపే పీడనంలో నూరో వంతుకైనా, వీలైతే వెయ్యో వంతుకు దింపండి.
2. పంపు వాల్వ్ మూసి, అరగంట పాటు నిమిషానికొకసారి పీడనం రాయండి.
3. గ్రాఫ్ గీయండి. సరళ రేఖలా ఒకే వాలుతో పెరుగుతుంటే లీకు. మొదట వేగంగా పెరిగి క్రమంగా చదునవుతుంటే గోడల నుంచి తేమ విడుదలవుతోంది.

ఈ రెండిటికీ వైద్యం వేరు. తేమకు మరింత సేపు పంపు చేయడం, ట్యూబ్‌ను నెమ్మదిగా వేడి చేయడం, షాట్ల మధ్య గది గాలి బదులు పొడి నైట్రోజన్ వదలడం పనిచేస్తాయి. తేమను చిన్నచూపు చూడొద్దు. నీటి ఆవిరి ఆక్సిజన్, నైట్రోజన్ అణువుల కంపన శక్తి సర్దుకునే వేగాన్నే మార్చేస్తుంది.

లీకుకు మాత్రం వెతకడమే మార్గం. ఒకసారి మాకు డయాఫ్రమ్ ఫ్లాంజ్ (రెండు భాగాలనూ బోల్టులతో బిగించే అంచు) దగ్గర లీకు ఎంతకూ పోలేదు. బోల్టులు మళ్లీ బిగించాం, గాడిలో కూర్చునే రబ్బరు ఓ-రింగ్ మార్చాం, అయినా అదే వాలు. చివరికి ఫ్లాంజ్ విప్పి టార్చ్ లైటును పక్కవాటుగా వేసి చూస్తే, గాడికి అడ్డంగా ఒక తల వెంట్రుక పడి ఉంది. ఓ-రింగ్ దాని మీద కూర్చుని, రెండు పక్కలా కంటికి కనపడని సందు వదిలింది. డయాఫ్రమ్ మార్చిన ప్రతిసారీ ఆ ఫ్లాంజ్ తెరుచుకుంటుంది. కాబట్టి ప్రతిసారీ గాడిని నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, ఓ-రింగ్‌ను వేళ్ళ మధ్య ఒక చుట్టు తిప్పి తడిమి చూశాకే మూయండి. గ్రీజు అతి పల్చగా రాయాలి. ఎక్కువైతే అదే ఆవిరి వదులుతుంది.

## 5. డ్రైవర్, డయాఫ్రమ్

మాక్ 5 షాక్‌కు, హీలియం డ్రైవర్‌తో, ఆదర్శ షాక్ ట్యూబ్ సమీకరణం ఇచ్చే పీడన నిష్పత్తి సుమారు 600. అంటే 88.4 పాస్కల్‌కు డ్రైవర్‌లో 53 కిలోపాస్కల్. గమనించండి, ఇది వాతావరణ పీడనంలో సగమే! చాలామంది బలమైన డయాఫ్రమ్, భారీ సిలిండర్ ఒత్తిడి ఊహించుకుని వస్తారు. ఇక్కడ సమస్య తలకిందులుగా ఉంటుంది.

మొదటిది, డ్రైవర్‌ను కూడా ఖాళీ చేయాల్సిందే. హీలియంతో ఊదేసి గాలిని తోసేశామనుకుంటే కుదరదు. 10 శాతం గాలి మిగిలినా డ్రైవర్‌లో ధ్వని వేగం సెకనుకు 1019 మీటర్ల నుంచి 790కి పడిపోతుంది. షాక్ బలహీనంగా వస్తుంది, కారణం మాత్రం ఏ గేజ్‌లోనూ కనిపించదు.

రెండోది, అల్పపీడన భాగాన్ని మాత్రమే పంపు చేస్తే డయాఫ్రమ్ మీద పూర్తి వాతావరణ పీడనం పడుతుంది. షాట్‌కు కావాల్సిన దానికి అది రెట్టింపు. పొర సాగిపోతుంది లేదా అప్పుడే పగులుతుంది. రెండు భాగాలనూ కలిపే బైపాస్ వాల్వ్ తెరిచి ఉంచి, రెండిటినీ కలిపే ఖాళీ చేయండి.

మూడోది పొర మందం. స్థూల అంచనాకు: పగిలే పీడనం = 4 × పొర బలం × మందం ÷ వ్యాసం. 80 మి.మీ. వ్యాసంలో 25 మైక్రాన్ల పాలిస్టర్ పొర దాదాపు 200 కిలోపాస్కల్ దాకా తట్టుకుంటుంది, అంటే 53 దగ్గర తానుగా పగలదు. 6 మైక్రాన్ల పొర ఆ అంచు దగ్గరికి వస్తుంది, కానీ ఏ షాట్‌లో ఏ క్షణాన పోతుందో చెప్పలేం. నా సలహా: కాస్త మందపు పొర వేసి, దాని సహజ పగులు పీడనం కన్నా తక్కువలో సూదితో పొడిచి పగలగొట్టండి. అప్పుడు డ్రైవర్ పీడనం మీరు పెట్టిందే అవుతుంది. అసలు పని మొదలుపెట్టే ముందు అదే రోల్ నుంచి కోసిన ముక్కలతో ఐదారు సార్లు పగులు పరీక్ష చేయండి. రోల్ మారితే మళ్లీ చేయండి.

పల్చని ప్లాస్టిక్ గుండా హీలియం నెమ్మదిగా అవతలికి పాకుతుంది. డ్రైవర్ నింపాక మాటల్లో పడి ఆలస్యం చేయొద్దు.

హైడ్రోజన్ ఇంకా వేగంగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ గాలితో కలిస్తే పేలే వాయువు. ఈ పరిధికి హీలియం చాలు.

## 6. గేజ్‌లు, సెన్సర్లు

నింపే పీడనాన్ని కెపాసిటెన్స్ మానోమీటర్‌తోనే (పీడనానికి పల్చని పలక ఎంత వంగిందో కొలిచేది) కొలవండి. పిరానీ గేజ్ వాయువు వేడిని మోసుకుపోయే తీరును బట్టి చూపిస్తుంది. నైట్రోజన్‌కు సరిచేసిన పిరానీ హీలియంలోనో ఆర్గాన్‌లోనో తప్పు చెబుతుంది. దాన్ని పంపు ఎలా నడుస్తోందో చూసుకోవడానికి మాత్రం వాడండి. మానోమీటర్ గరిష్ఠ పరిధి మీ పీడనానికి దగ్గరగా ఉండాలి. 88 పాస్కల్‌కు 133 పాస్కల్ గేజ్ బాగుంటుంది.

షాక్ రాకను కొలిచే సెన్సర్ల దగ్గర అంకెలు కళ్ళ ముందు పెట్టుకోండి. మాక్ 5లో పీడనం 29 రెట్లు పెరుగుతుంది. 50 కి.మీ. పరిస్థితికి షాక్ వెనక 2.6 కిలోపాస్కల్, 70 కి.మీ. పరిస్థితికి కేవలం 207 పాస్కల్. మెగాపాస్కల్‌ల కోసం తయారైన, ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే పీజో సెన్సర్‌కు ఇది గొణుగుడులా వినిపిస్తుంది. అల్పపీడనంలో గాజు మీద పరిచిన పల్చటి ప్లాటినం పొర, అంటే థిన్ ఫిల్మ్ ఉష్ణ గేజ్, ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుంది. వేడి వాయువు తాకగానే దాని నిరోధం మారుతుంది.

సెన్సర్ వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. 5.5 మి.మీ. ముఖం మీదుగా షాక్ దాటడానికే 3 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. 70 కి.మీ. సాంద్రతలో షాక్ మందమే కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. అక్కడ నిటారు అంచు కోసం వెతకకండి, సిగ్నల్ సగం ఎత్తుకు చేరిన క్షణాన్ని ప్రతి సెన్సర్‌లోనూ ఒకేలా తీసుకోండి. సెన్సర్ల మధ్య 500 మి.మీ. ఎడం ఉంటే షాక్‌కు 288 మైక్రోసెకన్లు పడుతుంది, 1 మైక్రోసెకన్ తప్పు వేగంలో 0.35 శాతం తప్పు. కనీసం నాలుగు సెన్సర్లు పెట్టండి.

ష్లీరెన్ చిత్రాల గురించి, అంటే సాంద్రత తేడాలకు కాంతి వంగడాన్ని చూపే చిత్రాల గురించి, ఒక మాట. 50 కి.మీ. సాంద్రతలో, 100 మి.మీ. వెడల్పున్న పరీక్ష గదిలో, మాక్ 5 షాక్ వల్ల వచ్చే కాంతి పథ భేదం 93 నానోమీటర్లే. పచ్చని కాంతి తరంగదైర్ఘ్యంలో ఆరో వంతు. 30 కి.మీ.కి ష్లీరెన్ హాయిగా వాడొచ్చు. 50 దాటాక దాని మీద ప్రయోగాన్ని ఆధారపడనివ్వకండి. ఎలక్ట్రాన్ పుంజంతో వాయువును వెలిగించి చూసే పద్ధతి అక్కడ సరైనది.

## 7. షాట్ క్రమం

ఈ వరుసను ముద్రించి ట్యూబ్ పక్కన అంటించండి. ఒకరు చదవాలి, మరొకరు చేయాలి.

1. పాత పొర ముక్కలు ఏరి, ట్యూబ్ లోపల తుడవండి.
2. కొత్త పొర వేసి ఫ్లాంజ్ మూయండి. సూది వెనక్కి ఉందని చూడండి.
3. బైపాస్ తెరిచి రెండు భాగాలూ కలిపి ఖాళీ చేయండి.
4. మానోమీటర్ సున్నా సరిచేయండి.
5. పెరుగుదల రేటు ఒకసారి కొలిచి రాయండి.
6. బైపాస్ మూయండి.
7. అల్పపీడన భాగంలో పొడి గాలిని లక్ష్యానికి కాస్త ఎక్కువగా నింపి, మెల్లగా 88.4కు దింపండి. ఒక నిమిషం స్థిరపడనివ్వండి.
8. గోడ ఉష్ణోగ్రత, పీడనం రాయండి.
9. డ్రైవర్‌లో హీలియం నింపండి.
10. రికార్డర్ ట్రిగ్గర్ సిద్ధం చేయండి.
11. పీడనం ఆఖరిసారి చదివి, వెంటనే మానోమీటర్ వాల్వ్ మూయండి.
12. అందరూ ట్యూబ్ గాజు కిటికీ ఎదురుగా కాకుండా పక్కకు జరిగాక సూది వదలండి.

11వ అంశం మర్చిపోతే షాట్ పీడనం, పొర ముక్కలు నేరుగా గేజ్‌లోకి వెళ్తాయి. 133 పాస్కల్ గేజ్ మీద కిలోపాస్కల్‌లు పడితే సున్నా జరిగిపోతుంది, ఆ తర్వాతి షాట్లన్నీ తప్పు పీడనంలో నడుస్తాయి.

## 8. వచ్చిన సిగ్నల్‌ను చదవడం

ముందు దూరం, సమయం గ్రాఫ్ గీయండి. షాక్ నెమ్మదిస్తూ వస్తుంది కాబట్టి అన్ని సెన్సర్ల సగటు వేగం వాడటం తప్పు. వేగాన్ని దూరంతో పాటు గీసి, 5 మీటర్ల దగ్గర ఎంతుంటుందో తీయండి. మాక్ సంఖ్య అక్కడిదే.

మొదటి షాట్ లెక్క కన్నా తక్కువ వేగంతో వస్తుంది. కంగారు పడొద్దు. పొర తెరుచుకోవడానికి పట్టే సమయం, గోడ ప్రభావం సమీకరణంలో లేవు. డ్రైవర్ పీడనం పెంచుతూ, మూడు నాలుగు షాట్లతో మీ ట్యూబ్‌కు సొంత వక్రరేఖ తయారు చేసుకోండి. ఆ తర్వాత సమీకరణం కన్నా దాన్నే నమ్మండి.

షాక్ వెనక ఉష్ణోగ్రత లెక్కించేటప్పుడు ఇంకో జాగ్రత్త. నిష్పత్తి 5.8, అంటే 1740 కెల్విన్ వస్తుంది. సమతుల్య స్థితి ప్రోగ్రాములు అణువుల కంపనం కూడా పూర్తిగా మేల్కొన్నదని అనుకుని కాస్త తక్కువ చెబుతాయి. ఇంత తక్కువ పీడనంలో ఆక్సిజన్‌కే అందుకు కొన్ని వందల మైక్రోసెకన్లు పడుతుంది. నైట్రోజన్ మీ పరీక్ష సమయంలో దాదాపు కదలదు. కాబట్టి కంపనం గడ్డకట్టి ఉందన్న లెక్కే మొదట వేయండి.

## 9. తరచూ వచ్చే తప్పులు, వాటి పరిష్కారం

షాక్ కన్నా ముందే సిగ్నల్ వస్తోంది. సూది పొడిచిన దెబ్బ స్టీలు గోడలో సెకనుకు దాదాపు 5000 మీటర్ల వేగంతో పరుగెత్తి ముందే సెన్సర్‌ను కదిలిస్తుంది. ఇది మాకు రెండు రోజుల టెన్షన్ పెట్టింది: ఆ అంచులతో వేగం లెక్కిస్తే ఏ షాట్‌కైనా ఒకే అంకె. డ్రైవర్ పీడనం మార్చినా అంకె మారకపోవడమే అసలు ఆనవాలు. సెన్సర్‌ను నైలాన్ తొడుగులో బిగించాక అది పోయింది.

అన్ని సెన్సర్లూ ఒకే క్షణంలో ఎగిరాయి. అది షాక్ కాదు, సూదిని తోసే సోలెనాయిడ్ (విద్యుత్ తీగచుట్ట) నుంచి వచ్చిన విద్యుత్ అలజడి. తీగలు వేరుగా నడపండి, ఎర్త్ ఒకే చోట కలపండి. పొర లేకుండా సోలెనాయిడ్ ఒక్కటే కొట్టి చూస్తే రుజువవుతుంది.

షాట్‌కూ షాట్‌కూ వేగం మారుతోంది. మొదట పొర ఎలా తెరుచుకుందో చూడండి. అంచుల దాకా రేకుల్లా విచ్చుకోవాలి. మధ్యలో చిన్న చిరుగుతో ఆగిపోతే సూది మొన మొద్దుబారింది, లేదా పొర మందం ఎక్కువైంది. పొర బాగానే ఉంటే డ్రైవర్‌ను ఎంత లోతుగా ఖాళీ చేశారో చూడండి.

షాక్ తర్వాత పీడనం చదునుగా ఉండక పైకి పాకుతోంది. ఇది సరిహద్దు పొర పని. సరిదిద్దలేరు, తగ్గించుకోగలరు. డేటాను అంచు తర్వాతి తొలి భాగం నుంచే తీసుకోండి, ఎంత భాగం తీసుకున్నారో రాయండి.

వర్ణపటంలో సోడియం గీతలు, కార్బన్ గుర్తులు. వేలిముద్రలు, పంపు నూనె, గ్రీజు. పంపుకూ ట్యూబ్‌కూ మధ్య నూనె ఆవిరిని పట్టే ట్రాప్ పెట్టండి, లోపల తాకేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

## 10. షాట్ అయ్యాక

పెద్ద చప్పుడైంది కాబట్టి ట్యూబ్‌లో పీడనం ఎక్కువుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. మన ఉదాహరణలో రెండు భాగాలూ కలిసిపోయాక మిగిలేది 7 నుంచి 8 కిలోపాస్కల్ మాత్రమే. బయటి గాలి ఇంకా లోపలికి నొక్కుతూనే ఉంటుంది, గాజు కిటికీల మీద ఆ భారం అలాగే ఉంటుంది. ఫ్లాంజ్ బోల్టుల జోలికి పోకముందు పొడి నైట్రోజన్‌ను మెల్లగా వదిలి గది పీడనానికి తీసుకురండి. తర్వాత పంపు వైపు జల్లెడలో పొర ముక్కలు ఎన్ని చిక్కాయో చూడండి. తీసిన డయాఫ్రమ్ మీద షాట్ సంఖ్య రాసి కవరులో పెట్టి దాచండి. నెల తర్వాత ఒక షాట్ ఎందుకు తేడాగా ఉందని అనుమానం వస్తే, చిరిగిన ఆ పొరే ముందుగా చూడాల్సి వస్తుంది.